ఈఎక్స్ హైడ్రే కేసు: రెప్ప వేసింది నక్షత్రమా, టెలిస్కోపా?

"సార్, దీనికి డిస్క్ లేదు" అని మెసేజ్ వచ్చింది, రాత్రి పదకొండున్నరకి. దీనికి అంటే ఈఎక్స్ హైడ్రే అనే నక్షత్రానికి, డిస్క్ అంటే చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరిగే వాయువు. మెసేజ్ కింద ఒక ఫోటో. లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసింది, అందులో టీ గ్లాసు నీడ కూడా పడింది. గ్రాఫ్‌లో 222 నిమిషాల దగ్గర ఒక పీక్ నిటారుగా నిలబడి ఉంది. పంపింది మా ఎమ్మెస్సీ రెండో సంవత్సరం అమ్మాయి. ఊరు అల్లూరు వైపు, వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులు. పేరు ఇక్కడ అనవసరం, ఆ అమ్మాయే వద్దంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అనుమానంతో అని రాసుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి సంతోషంతోనే పట్టలేదు. అనుమానం తెల్లారాక వచ్చింది. ఈ కేసంతా ఆ సంతోషం ఎలా కరిగిపోయింది, దాని అడుగున ఏం మిగిలింది అన్నదే.

నేను నెల్లూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పీహెచ్‌డీలో నేర్చుకున్న పని ఎక్స్‌రే టైమింగ్, అంటే నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఎంత సేపటికోసారి పెరిగి తగ్గుతున్నాయో లెక్కగట్టడం. ఎక్స్‌రేలను గాలి మింగేస్తుంది కాబట్టి ఇది నేల మీద నుంచి అయ్యే పని కాదు, టెలిస్కోపు పైనే ఉండాలి. మాలాంటి వాళ్లకి ఇదే కలిసొచ్చింది. ఆ టెలిస్కోపుల డేటా కొన్నాళ్లకి అందరికీ తెరిచేస్తారు, పాత లాప్‌టాప్ ఉంటే చాలు, నెట్ బాగుంటే ఇంకా మంచిది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చిన వారం మాకు రెండోది లేదు, కొన్ని రోజులు మొదటిదానికీ కరెంటు లేదు.

ముందు నక్షత్రం సంగతి. ఈఎక్స్ హైడ్రే మనకు సుమారు 185 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఈ జాతిలో బాగా దగ్గరిదే. ఆకాశంలో హస్త నక్షత్రం తెలుసు కదా, అరచెయ్యిలా ఐదు చుక్కలు, దానికి కిందుగా కొంచెం తూర్పుకి జరిగితే అక్కడ ఉంటుంది. కంటికి కనపడదు, వెలుగు కొలతలో మామూలుగా 13వ మ్యాగ్నిట్యూడ్. అది ఒక నక్షత్రం కాదు, రెండు. ఒకటి వైట్ డ్వార్ఫ్, అంటే కాలిపోయిన సూర్యుడిలాంటి నక్షత్రం మిగిల్చిన బూడిద ముద్ద, మన సూర్యుడి బరువులో 0.79 వంతు ఉంటుంది గానీ సైజు భూమి కంటే కాస్త పెద్దది, అంతే. రెండోది చిన్న ఎర్ర నక్షత్రం, సూర్యుడిలో పదోవంతు బరువు. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే, ఒకదాని చుట్టూ ఒకటి 98.26 నిమిషాల్లో తిరిగేస్తాయి. నెల్లూరు నుంచి ఒంగోలు బస్సెక్కితే సింగరాయకొండ దాటే లోపు వాళ్ల ఏడాది అయిపోతుంది. ఎర్ర దాని మీది వాయువు వైట్ డ్వార్ఫ్ వైపు ధారగా కారుతూనే ఉంటుంది. ఇలాంటి జంటల్ని కెటాక్లిస్మిక్ వేరియబుల్స్ అంటారు.

వైట్ డ్వార్ఫ్‌కి గట్టి అయస్కాంత క్షేత్రం ఉంటే కథ మారుతుంది. ఆ క్షేత్రం కోటి గాస్ (గాస్ అంటే అయస్కాంత బలానికి కొలత) దాటితే మామూలుగా డిస్క్ ఏర్పడనే ఏర్పడదు, వాయువు నేరుగా అయస్కాంత రేఖలు పట్టుకుని ధ్రువాల మీదకి దిగుతుంది, వైట్ డ్వార్ఫ్ తన చుట్టూ తను తిరగడం కూడా జంట తిరిగే వేగంతో కలిసిపోతుంది. వీటిని పోలార్లు అంటారు, ఏఎం హెర్క్యులిస్ వీటిలో పెద్దన్న. క్షేత్రం అంతకంటే తక్కువైతే వాయువు ముందు డిస్క్‌లా పరుచుకుని, లోపలి అంచు దాకా వచ్చాక అక్కడి నుంచి రేఖలు పట్టుకుని తెరల్లా లేచి ధ్రువాల మీద పడుతుంది. ఇవి ఇంటర్మీడియట్ పోలార్లు. ఈఎక్స్ హైడ్రే ఈ రెండో రకం. దాని వైట్ డ్వార్ఫ్ 67.03 నిమిషాలకి ఒక చుట్టు చుట్టుకుంటుంది. పడే వాయువు వైట్ డ్వార్ఫ్ నేలకి తగలబోయే ముందు సెకనుకి కొన్ని వేల కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, ఒక్కసారిగా షాక్ తగిలి ఆగి, కోట్ల డిగ్రీలకి వేడెక్కి, ఎక్స్‌రేలు కక్కుతుంది. మేము చూసేది ఆ ఎక్స్‌రేలనే.

ఇప్పుడు 222 నిమిషాల గొడవ. ఒక ఐపీలో (ఇంటర్మీడియట్ పోలార్ అని ప్రతిసారీ రాయలేను) మూడు గడియారాలు ఉంటాయి. వైట్ డ్వార్ఫ్ తన చుట్టూ తను తిరిగేది (స్పిన్) ఒకటి, జంట తిరిగేది ఒకటి, ఈ రెండింటి తేడా ఒకటి. ఆ తేడానే బీట్ అంటాం. వాయువు డిస్క్ గుండా వస్తుంటే, డిస్క్ చుట్టూ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి వైట్ డ్వార్ఫ్‌కి ఎర్ర నక్షత్రం ఏ దిక్కున ఉందో తెలీదు, ఎక్స్‌రేల్లో స్పిన్ మాత్రమే కనిపించాలి. డిస్క్ లేకుండా ధార సూటిగా పడుతుంటే, ధ్రువం ధార వైపు తిరిగినప్పుడల్లా ఎక్కువ పడుతుంది, కాబట్టి బీట్ కనిపిస్తుంది. వీ2400 ఓఫియూకి అలాంటిదే, డిస్క్ లేని ఐపీ అంటే మా వాళ్లు మొదట చెప్పే పేరు. ఈఎక్స్ హైడ్రేలో కూడా 1998 ఆగస్టులో అవుట్‌బర్స్ట్ (ఉన్నట్టుండి వెలుగు బాగా పెరగడం) వచ్చినప్పుడు ఆర్‌ఎక్స్‌టీఈ టెలిస్కోపు అటు తిరిగి బీట్‌ని పట్టుకుంది, ధారలో కొంత డిస్క్ మీదుగా పొర్లి నేరుగా పడుతోందని తేల్చారు. కానీ అది అవుట్‌బర్స్ట్. మామూలు రోజుల్లో ఎక్స్‌రేలో గట్టి బీట్ కనిపిస్తే అది చిన్న విషయం కాదు.

ఈ అమ్మాయి తీసుకున్నది సుజాకు డేటా. జపాన్ వాళ్ల టెలిస్కోపు, 2005లో ఎగిరి 2015 దాకా పనిచేసింది. మామూలు రోజుల్లో రెండు రోజుల చిల్లర పాటు ఈ నక్షత్రాన్ని చూసిన ఫైలు. ఎక్స్‌సెలెక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో లైట్ కర్వ్ (టైముతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్) తీసి, పైథాన్‌లో లాంబ్-స్కార్గల్ వేసింది, అంటే ఏ పీరియడ్ ఎంత గట్టిగా ఉందో చూపే పవర్ స్పెక్ట్రమ్. పీకులు నాలుగు వచ్చాయి: అన్నిటికంటే ఎత్తైనది 96-98 నిమిషాల దగ్గర, తర్వాత 67, ఆ తర్వాత 222, చివర్లో 40 దగ్గర ఇంకొకటి. బీట్ 211 నిమిషాలు ఉండాలి. 222 వచ్చింది. "రెండు రోజుల డేటాకి ఈ మాత్రం తేడా ఉంటుంది కదా సార్" అంది. ఉంటుంది. ఆ మాట తప్పు కాదు, అందుకే అంత ప్రమాదం.

తెల్లారి టిఫిన్ తింటూ కాగితం మీద వేసి చూశాను. నిమిషాల్లో కాకుండా రోజుకి ఎన్నిసార్లు అని రాస్తే ఈ లెక్కలు కళ్లకి కనపడతాయి, నా స్టూడెంట్లందరికీ ఇదే చెబుతాను. స్పిన్ రోజుకి 21.48 సార్లు. జంట రోజుకి 14.66 సార్లు. తీసేస్తే బీట్ 6.83. మరి సుజాకు? భూమికి 570 కిలోమీటర్ల ఎత్తున తిరిగేది, ఒక చుట్టుకి 96 నిమిషాలు, అంటే రోజుకి సరిగ్గా 15 సార్లు. 21.48 లోంచి 15 తీసేస్తే 6.48. అది ఎన్ని నిమిషాలో చూడండి: 222.

దోశ చల్లారిపోయింది.

కింద కక్ష్యలో తిరిగే టెలిస్కోపుకి చాలా నక్షత్రాల్ని ఆగకుండా చూడడం కుదరదు. ప్రతి చుట్టులో దాదాపు సగం సేపు మధ్యలోకి భూమే అడ్డం వస్తుంది. సుజాకు కక్ష్య 31 డిగ్రీలు వంగి ఉంది కాబట్టి రోజులో కొన్ని చుట్లు దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువుండే చోటు గుండా కూడా పోతుంది, అప్పుడు డిటెక్టర్ డేటా పనికిరాదు. కాబట్టి మన చేతికొచ్చే లైట్ కర్వ్ చినిగిన చాప లాంటిది, చిరుగులు మాత్రం 96 నిమిషాలకోసారి వరస తప్పకుండా. నక్షత్రంలో ఉన్న ప్రతి పీరియడ్‌కీ ఆ 15ని కలిపి ఒకటి, తీసేసి ఒకటి, రెండు దొంగ పీరియడ్లు పుడతాయి. 21.48కి 15 కలిపితే 36.48, అంటే 39.5 నిమిషాలు. నాలుగో పీక్ కూడా దొరికిపోయింది.

ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, నాకూ తెలుసు, పరీక్షల్లో ప్రశ్న కూడా ఇచ్చాను. అయినా ఆ రాత్రి తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే, మామూలుగా టెలిస్కోపు పీరియడ్ ఒక చోట, నక్షత్రం పీరియడ్ ఇంకో చోట ఉంటాయి, దొంగ పీక్ చూడగానే దొంగలా కనిపిస్తుంది. ఇక్కడ జంట తిరిగేది 98 నిమిషాలు, టెలిస్కోపు తిరిగేది 96. దొంగ పీక్ సరిగ్గా అసలు పీక్ ఉండాల్సిన చోటికి పక్కనే వచ్చి కూర్చుంది, చుట్టం లాగా. రెండింటి మధ్య తేడా రోజుకి 0.34 మాత్రమే, వాటిని విడదీసి చూపించాలంటే దాదాపు మూడు రోజుల డేటా కావాలి. మా దగ్గర అంత లేదు.

ఈ సంగతి ఆ అమ్మాయికి ఫోన్లో చెబితే ఒప్పుకోలేదు. "బీట్ కూడా అక్కడే ఉంటుంది కదా సార్, ఇది దొంగదే అని మీరెలా చెప్తారు?" అంది. సరైన ప్రశ్న. నేను దొంగ అని చూపించలేదు, దొంగ కావచ్చు అని మాత్రమే చూపించాను. మిగతాది పని చేసి తేల్చుకోవాల్సిందే.

దానికి ముందు చెరువు దగ్గర జరిగింది చెప్పాలి, ఎందుకంటే విషయం ఆ అమ్మాయికి పట్టుబడింది అక్కడే. సంక్రాంతికి ముందు ఒక ఆదివారం వాళ్ల ఇంటికి భోజనానికి పిలిచారు. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు వెళ్లాను, ఎప్పుడూ మధ్యాహ్నం మూడు ప్రాంతంలోనే చెరువు గట్టు మీదకి తీసుకెళతారు, ఎప్పుడు చూసినా ఏరియేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలు) ఆగే ఉంటాయి. చక్రాలు ఎండకి ఆరి, రెక్కల మీద పాచి తెల్లగా పొరలు లేచి ఉంటుంది. ఈసారి ఉండబట్టలేక అడిగాను, కరెంటు బిల్లు ఎక్కువని ఆపేస్తారా అని. ఆయన చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో వేలితో కదిపి చూసి, రొయ్య ఒకదాన్ని ఎండకి ఎత్తి దాని పేగు నిండుగా ఉందో లేదో చూపించి, అప్పుడు నా వైపు తిరిగి నవ్వారు. "మీరొచ్చేదే ఆపే టైముకి సార్. పగలు ఎండకి నీళ్లలో ఆక్సిజన్ ఉంటాది. రాత్రి రెండింటికి రాండి, అన్నీ తిరగతా ఉంటాయి. తెల్లారుజామున ఆపినామంటే రొయ్యలన్నీ పైకి తేల్తాయి."

అమ్మాయి నా మొహం చూసింది, నేను ఆ అమ్మాయి మొహం చూశాను. వాళ్ల నాన్నకి ఏమీ అర్థం కాలేదు, మేత గురించి చెప్పడం కొనసాగించారు.

ఆ సోమవారం నుంచి పని మొదలైంది. మొదటిది విండో. నక్షత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టి, సుజాకు ఎప్పుడు చూసింది, ఎప్పుడు చూడలేదు అన్న టైములు మాత్రమే తీసుకుని, చూసినప్పుడు ఒకటి, చూడనప్పుడు సున్నా అని పెట్టి పవర్ స్పెక్ట్రమ్ వేశాం. 15 దగ్గర తాటిచెట్టంత పీక్, 30 దగ్గర ఇంకొకటి, వాటికి అటూ ఇటూ రోజుకి ఒకటి తేడాతో పిల్ల పీకులు (ఇవి అట్లాంటిక్ పుణ్యం). ఈ ఒక్క గ్రాఫ్ మొదటి రోజే వేసి గోడకి అంటించుకుని ఉంటే మెసేజ్ వచ్చేదే కాదు. ఇప్పుడు మా దగ్గర ఇది రూలు: నక్షత్రం పవర్ స్పెక్ట్రమ్ చూపించాలంటే ముందు విండోది చూపించాలి. అది లేకుండా గ్రాఫ్ తెస్తే నేను చూడను.

రెండోది నాకు బాగా నచ్చింది. ఒక దొంగ నక్షత్రాన్ని మేమే తయారుచేశాం. దానికి 67.03 నిమిషాల స్పిన్ తప్ప ఇంకేమీ లేదు, జంట లేదు, గ్రహణం లేదు, బీట్ లేదు. అసలు లైట్ కర్వ్‌లో ఉన్నంత సగటు వెలుగు, దానికి తగ్గ నాయిస్. ఈ నక్షత్రాన్ని సుజాకు టైముల్లోనే "చూసి" అదే ప్రోగ్రామ్‌లో వేశాం. 67 వచ్చింది, 222 వచ్చింది, 39.5 వచ్చింది. బీటే లేని నక్షత్రానికి బీట్ పీక్. వెయ్యిసార్లు వేసి చూస్తే అసలు డేటాలోని 222 పీక్ ఎత్తు ఈ దొంగ పీకుల ఎత్తుల మధ్యలోనే పడింది, అంటే దానికి స్పిన్ ఒక్కటే చాలు, ఇంకో కారణం అక్కర్లేదు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి: బీట్ లేదని మేము నిరూపించలేదు. ఈ డేటాతో ఉందని చెప్పలేమని నిరూపించాం. ఈ తేడాని రిపోర్టులో రాయడానికి ఆ అమ్మాయికి మూడు డ్రాఫ్టులు పట్టింది.

మూడోది ఎక్స్‌ఎంఎం-న్యూటన్. యూరప్ వాళ్లది, 1999 డిసెంబరులో ఎగిరింది, సాగదీసిన పెద్ద కక్ష్య, ఒక చుట్టుకి 48 గంటలు. భూమి అడ్డం రాకుండా గంటల తరబడి ఆగకుండా చూస్తుంది. ఆ ఆర్కైవ్‌లో ఈఎక్స్ హైడ్రే ఉంది. డౌన్‌లోడ్ రాత్రి పెట్టుకుంటే పొద్దునకి అయింది, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడానికి మాత్రం నాలుగు రోజులు, దాని గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. అందులో 67 నిమిషాల ఊపు చిన్నపిల్లలకి కూడా కనపడేంత స్పష్టంగా ఉంది. తక్కువ ఎనర్జీ ఎక్స్‌రేల్లో ఊపు ఎక్కువ, ఎక్కువ ఎనర్జీలో తక్కువ, అదీ ఉండాల్సినట్టే ఉంది, ఎందుకంటే ధ్రువం మీదకి దిగే వాయువు తెర తక్కువ ఎనర్జీ వాటినే ఎక్కువ మింగుతుంది. 40 నిమిషాల పీక్ లేదు. సందులు లేని చోట దొంగ లేడు.

మధ్యలో మేము చేసిన ఒక తింగరి పని కూడా రాయాలి, లేకపోతే ఇది అంతా సాఫీగా జరిగినట్టు అనిపిస్తుంది. ఈ నక్షత్రంలో జంట తిరిగే ప్రతిసారీ ఎర్ర నక్షత్రం వైట్ డ్వార్ఫ్ కింది భాగాన్ని కొంచెం సేపు కప్పుతుంది, సిస్టమ్ మనకి దాదాపు అంచు నుంచి కనిపిస్తుంది కదా, 78 డిగ్రీల వంపు. కాబట్టి ఎక్స్‌రేల్లో చిన్న పాక్షిక గ్రహణం. ఒక చుట్టుని సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే ఎక్కడున్నామో చెప్పేది ఫేజ్, గ్రహణం ఫేజ్ సున్నా దగ్గర రావాలి. మాకు 0.67 దగ్గర వచ్చింది. మళ్లీ రాత్రి మెసేజ్, ఈసారి రెండు ఆశ్చర్యార్థకాలతో: 67 నిమిషాలు, 0.67 ఫేజ్, స్పిన్‌కీ జంటకీ నిష్పత్తి దాదాపు మూడింట రెండు, దీంట్లో ఏదో ఉంది సార్! నేను కూడా ఒక పూట దాని వెనకాల తిరిగాను. ఉన్నది ఏంటంటే, డేటాలో టైము ఎంజేడీలో ఉంది, అంటే జూలియన్ డేట్‌కి (ఖగోళ లెక్కల్లో రోజుల్ని వరసగా లెక్కపెట్టే నంబరుకి) పొట్టి రూపం, దాన్ని జూలియన్ డేట్ చెయ్యాలంటే 24,00,000.5 కలపాలి, మేము 24,00,000 కలిపాం. అరరోజు పోయింది. అరరోజు అంటే 720 నిమిషాలు, దాన్ని 98.26తో భాగిస్తే 7.33, ఏడు చుట్లు పోను 0.33 మిగిలింది, గ్రహణం అంత వెనక్కి జరిగి 0.67లో కూర్చుంది. ఆ పాయింట్ ఐదు కలిపితే చక్కగా సున్నాకి వచ్చేసింది. అన్నట్టు, సూర్యుడి దగ్గరికి టైము సరిచేసే పని (బేరీసెంటర్ కరెక్షన్) మాత్రం ఆ అమ్మాయి మొదటి రోజే సరిగ్గా చేసింది, భూమి కక్ష్యలో ఎక్కడుందన్న దాన్ని బట్టి కాంతి ఎనిమిది నిమిషాలు ముందో వెనకో వస్తుంది కాబట్టి రెండు నిమిషాల గ్రహణానికి అది ప్రాణం. కష్టమైంది సరిగ్గా చేసి సులువైన దగ్గర బోల్తా పడడం మన అందరికీ ఉన్నదే.

గ్రహణాలే ఇంకో కథ చెప్పాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏ టైముకి రావాలో రాసుకుని సుజాకు డేటా మీద గీతలు గీస్తే, కొంత సేపు వరసగా ప్రతి గ్రహణమూ దొరికింది, తర్వాత వరసగా ఒక్కటీ లేదు. చూడగానే నక్షత్రంలో గ్రహణాలు ఆగిపోయాయేమో అనిపిస్తుంది. ఆగలేదు. 96కి 98కి ఉన్న ఆ రెండు నిమిషాల తేడాతో గ్రహణం టైము చుట్టు చుట్టుకీ కొంచెం కొంచెం జరుగుతూ, టెలిస్కోపు చూసే సగంలోంచి చూడని సగంలోకి జారిపోయింది. మొత్తం ఒక రౌండ్ తిరిగి రావడానికి 2.9 రోజులు. మూడో రోజు కూడా చూసి ఉంటే మళ్లీ కనపడేవి. ఏరియేటర్లు తిరిగే టైము రోజుకి కొంచెం చొప్పున ముందుకి జరిగితే, మూడింటికే వెళ్లే నాకు ఎప్పుడో ఒక వారం అన్నీ తిరుగుతూ కనిపించినట్టు.

అందుకే ఫేజ్ కవరేజ్ పటం కూడా ఇప్పుడు తప్పనిసరి చేశాను. అడ్డంగా జంట ఫేజ్, నిలువుగా టైము, చూసిన చోట నలుపు. మామూలు టార్గెట్‌కి ఇది చదరంగం బల్లలా గజిబిజిగా వస్తుంది. దీనికి మాత్రం ఏటవాలు పట్టీలా వచ్చింది, అద్దకం చీర అంచులా. సగటు తీసే ముందు ఆ పట్టీ చూడాలి. ఎందుకంటే మనం స్పిన్ మీద ఫోల్డ్ చేసినప్పుడు (చుట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు) కూడా జంట ఫేజ్ సమానంగా పంచుకోలేదు, ఒక పక్కే ఎక్కువ చూశాం.

స్పెక్ట్రమ్ సంగతి క్లుప్తంగా. ఇనుము గీతలు మూడూ విడివిడిగా దొరికాయి, 6.4, 6.7, 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. మొదటిది చల్లటి ఇనుము ఎక్స్‌రే తగిలి మెరిసేది, మిగతా రెండూ షాక్‌కీ నేలకీ మధ్య నిలబడే వేడి వాయువు కాలమ్‌లోవి, వాటి నిష్పత్తి ఉష్ణోగ్రతకి థర్మామీటర్. షాక్ ఉష్ణోగ్రత తెలిస్తే వైట్ డ్వార్ఫ్ బరువు లెక్కగట్టచ్చు, ఎంత బరువైతే అంత లోతైన బావిలోకి పడ్డట్టు, అంత వేడి. మామూలు ఫార్ములా పెడితే మాకు సూర్యుడిలో సగం లోపే వచ్చింది. గ్రహణాలూ, ఎర్ర నక్షత్రం వేగమూ కొలిచి తేల్చిన బరువు 0.79. ఈసారి మేము తప్పు చేయలేదు, ఈ నక్షత్రానికి ఈ తేడా అందరికీ వస్తుంది. ఫార్ములా వాయువు అనంత దూరం నుంచి పడి నేల దగ్గర ఆగుతుందని అనుకుంటుంది. ఇక్కడ డిస్క్ లోపలి అంచు వైట్ డ్వార్ఫ్‌కి చాలా దగ్గర్లోనే ఉంది, పడే ఎత్తే తక్కువ, పైగా షాక్ నేల మీద కాకుండా చాలా పైన నిలబడుతుంది. ఎంత పైన అన్నది ఆ తర్వాత ఐఎక్స్‌పీఈ అనే ఎక్స్‌రే పోలరైజేషన్ టెలిస్కోపు చెప్పింది, దాదాపు వారం రోజులు దీన్నే చూసి, కాలమ్ ఎత్తు సుమారు 3,200 కిలోమీటర్లని. వైట్ డ్వార్ఫ్ వ్యాసార్థంలో దాదాపు సగం. ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇంతకు మించి వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమూ లేదు.

రిపోర్టులో చివరికి నిలబడినవి ఇవి: 67 నిమిషాల స్పిన్ ఉంది. 98 నిమిషాల గ్రహణం ఉంది, దాని టైము పాత లెక్కతో సరిపోయింది. పవర్ స్పెక్ట్రమ్‌లో అన్నిటికంటే ఎత్తుగా కనిపించిన 96-98 పీక్‌లో నక్షత్రం వాటా ఎంత, భూమి వాటా ఎంత అన్నది ఆ గ్రాఫ్ నుంచి చెప్పలేం, గ్రహణాల నుంచి మాత్రమే చెప్పగలం. 222 కొట్టేశాం. డిస్క్ లేదనడానికి ఈ డేటాలో ఆధారం లేదు. బయటి ఎగ్జామినర్ ఒకాయన, "మరి కొత్తగా ఏం కనుక్కున్నట్టు?" అని అడిగారు వైవాలో. ఆ అమ్మాయి కాసేపు ఆగి, "బీట్ అనిపించే పీక్ సుజాకు నుంచి ఎంత ఎత్తు దాకా ఊరికే వస్తుందో కనుక్కున్నాం సార్" అంది. మార్కులు బానే వేశారు.

ఇంకొకటుంది. 2024 జనవరి ఒకటిన పొద్దున తొమ్మిది దాటాక మా మేడ మీదకి ఎక్కి దక్షిణం వైపు చూశాం, నేనూ మా ఆవిడా పిల్లలూ. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58లో మన ఎక్స్‌రే శాటిలైట్ ఎక్స్‌పోశాట్ ఎగిరింది. 2015 సెప్టెంబరు 28న ఎక్స్‌రేలు కూడా చూసే మన ఇంకో శాటిలైట్ ఆస్ట్రోశాట్ ఎగిరింది కూడా అక్కడి నుంచే, అప్పుడది నెల్లూరు జిల్లా, 2022 నుంచి కాగితాల మీద తిరుపతి జిల్లా, మా మేడ మీద నుంచి చూస్తే మాత్రం ఏ మార్పూ లేదు. రెండు శాటిలైట్లనీ దాదాపు 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకి ఆరు డిగ్రీల వంపుతో పెట్టారు. వంపు అంత తక్కువ కాబట్టి అట్లాంటిక్ బెడద బాగా తగ్గుతుంది, మన వాళ్లు ఆలోచించి చేసిన పని. వైవా అయిపోయిన మరుసటి వారం ఆ అమ్మాయి అడగకుండానే ఒక లెక్క వేసుకుని వచ్చింది. 650 కిలోమీటర్ల ఎత్తున ఒక చుట్టు 97.7 నిమిషాలు. ఈఎక్స్ హైడ్రే 98.26.

"సార్, ఇది సుజాకు కంటే ఘోరం" అంది. నిజమే. తేడా అర నిమిషం పైచిలుకు, అంతే. ఒక రౌండ్ తిరిగి రావడానికి దాదాపు 12 రోజులు. ఆస్ట్రోశాట్‌తో రెండు రోజులు చూస్తే నక్షత్రం చుట్టులో ఎప్పుడూ దాదాపు అదే సగం కనిపిస్తుంది, గ్రహణం ఆ సగంలో లేకపోతే రెండు రోజుల్లో ఒక్కటి కూడా దొరక్కపోవచ్చు. ఒకేసారి రెండు రోజులు అడగడం కంటే, అదే సమయాన్ని నాలుగు ముక్కలు చేసి మూడు రోజులకోసారి అడిగితే మొత్తం చుట్టూ కవర్ అవుతుంది. కాగితం మీద నాలుగు ముక్కలూ నాలుగు రంగుల్లో గీసి తెచ్చింది, గీతలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా అతుక్కున్నాయి. మూడో ముక్క దగ్గర పెన్సిల్‌తో గ్రహణానికి చిన్న సున్నా చుట్టి, పక్కన "రాత్రి రెండు" అని రాసింది.